టెంటులో మెంతికూర: దీపం ఎంత పెట్టాలి?

పోయిన నెల కుండీల మట్టి గురించి రాస్తూ చివర్న ఒక్క మాట అన్నాను, మా ఖోలీ మూలకు చిన్న టెంటు పెట్టి ఎల్‌ఈడీ దీపం కింద మెంతికూర పెంచుతున్నామని. మట్టి సంగతి ఎవరూ అడగలేదు. అందరూ ఆ టెంటునే పట్టుకున్నారు. రేషన్ దుకాణం లైన్లో నిలబడితే అదే, పెండ్లికి పోతే అదే. "దీపం కింద కూర ఎట్ల పెరుగుతది? ఎంత వెలుగు పెట్టాలె? కరెంటు బిల్లు పేలదా?" అందుకే ఈ నెల అదే రాస్తున్నాను. ముందే చెబుతున్నా, రెండుసార్లు చెడగొట్టి మూడోసారికి నేర్చుకున్నాను. ఆ చెడగొట్టిన సంగతే మీకు ఎక్కువ పనికొస్తుంది.

టెంటు ఎందుకు పెట్టవలసి వచ్చిందో ముందు చెప్పాలి. మా ఖోలీకి ఒకటే కిటికీ, పడమటి దిక్కు. ఆ కిటికీ జాలీలో మా ఇంటామె ముప్పై ఏండ్లు తులసి, కరివేపాకు, నూనె డబ్బాల్లో మెంతికూర పెంచింది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దుగూకే దాకా ఎండ పడేది. ఎదురుగా పాత మిల్లు జాగాలో టవరు లేచింది. పదో అంతస్తు దాకా లెక్కపెట్టినం, ఆ తర్వాత మానేసినం. ఎండ పోయింది. మొదట మెంతికూర సన్నబడ్డది. తర్వాత కరివేపాకు ఆకు రాల్చింది. ఆ వానాకాలంలో తులసి కూడా పోయింది. ఆ కుండీని ఆమె పారేయలేదు, కొత్త మొక్కా పెట్టలేదు. సాయంత్రం దీపం ఖాళీ కుండీ దగ్గరే పెట్టేది. అది చూసి మా చిన్నోడు ఈ టెంటు కొనుక్కొచ్చాడు. రెండు అడుగులు పొడవు, రెండు అడుగులు వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తు. లోపలంతా వెండి రంగు గుడ్డ, పైన పలక లాంటి ఎల్‌ఈడీ దీపం, పక్కన వెలుగు తగ్గించే, పెంచే బిళ్ళ ఒకటి.

ఇగ మొదటి తప్పు. దీపం డబ్బా మీద 1000 అని పెద్ద అంకె ఉంది. 1000 వాట్లు అనుకొని మా ఇంటామె గుండె పట్టుకుంది. నేను మీటరు దగ్గరికి పోయాను. కొత్త మీటర్లలో ఒక ఎర్ర చుక్క మెరుస్తుంటుంది, చూసే ఉంటారు. ఒక యూనిట్‌కు అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదనే రాసి ఉంటుంది. మా దాని మీద 3200 అని ఉంది. ఇంట్లో ఫ్యాను, ఫ్రిజ్, టీవీ అన్నీ ఆపి ఒక్క ఈ దీపమే పూర్తిగా వెలిగించి, 3 నిమిషాలు లెక్కపెట్టాను. 16 సార్లు మెరిసింది. అంటే గంటకు 320. 3200లో పదో వంతు. గంటకు యూనిట్‌లో పదో వంతు కాలుతుందంటే అది 100 వాట్ల దీపం. నిజంగా 1000 వాట్లయితే ఆ 3 నిమిషాల్లో 160 సార్లు మెరవాలి. చిన్నోడి మొహం చిన్నబోయింది, గట్టిగా ఏమీ అనలేదు. నిజానికి రెండడుగుల టెంటుకు 100 వాట్లు చాలా ఎక్కువే. డబ్బా మీది అంకెను నమ్మొద్దు, మీటరును నమ్మండి. నాలుగో తరగతి లెక్క చాలు దానికి.

రెండో తప్పు నాదే. వెలుగు ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకొని బిళ్ళను చివరి దాకా తిప్పి, దీపాన్ని ఆకుకు జానెడు ఎత్తులో వేలాడదీశాను. మెంతులు మూడో రోజే మొలిచాయి. ఇల్లంతా సంబరం. వారం తిరిగేసరికి పై ఆకులు తెల్లబడి, అంచులు పైకి దొప్పలాగ ముడుచుకున్నాయి. నీళ్ళు తక్కువయ్యాయనుకొని ఇంకిన్ని పోశాను. కొన్ని వేరు కుళ్ళి ఒరిగిపోయాయి. మా ఇంటామె వచ్చి చూసి, "కూర పెంచుతున్నవా, వడియాలు ఎండబెడుతున్నవా?" అన్నది.

రెండోసారి భయపడ్డాను. దీపాన్ని టెంటు పైకప్పు దాకా ఎత్తి, బిళ్ళను 10 దగ్గర పెట్టాను. నా కంటికి మంచి వెలుగే కనబడింది, పేపరు చదువుకోవచ్చు. మొలకలు మాత్రం దారం లాగ సన్నగా సాగి, పాలిపోయి, ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. ఆకుకు ఆకుకు మధ్య బెత్తెడు దూరం.

ఇక్కడ మన కన్ను మోసం చేస్తుంది. చీకట్లోకి పోతే కంటిపాప పెద్దదవుతుంది, ఎండలోకి వస్తే చిన్నదవుతుంది. అందుకే మనకు గదిలో వెలుగూ, బయట వెలుగూ మరీ తేడాగా అనిపించవు. వెలుగును కొలిచే కొలతకు లక్స్ అని పేరు. నడి మధ్యాహ్నం ఎండ సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. మన ఖోలీలో ట్యూబులైటు కింద 200, 300 దాటదు. కంటికి చాలిన వెలుగు ఆకుకు పస్తే.

మిల్లులో పనిచేసినవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. మన సాంచెల ఖాతా పైకప్పు రంపం పండ్ల లాగ ఉండేది గుర్తుందా? ఆ అద్దాలన్నీ ఉత్తరం దిక్కుకే పెట్టేవారు. నేరుగా ఎండ గుడ్డ మీద పడకూడదు, పొద్దంతా ఒకే తీరు వెలుగు రావాలి, తెగిన పడుగు పోగు కనబడాలి. వెలుగు ఎక్కువైనా పని చెడేది, తక్కువైనా చెడేది. కొత్త పడుగు ఎక్కించినప్పుడు బిగువు ఎట్లా సరిచేసేవాళ్ళమో గుర్తు చేసుకోండి. జర జర పెంచుకుంటూ, పోగు వంక చూసుకుంటూ. ముప్పై ఏండ్లు ఆ పని చేసినవాణ్ణి, మొక్క దగ్గరికొచ్చేసరికి మరిచిపోయాను.

మూడోసారి మెంతులు చల్లేముందు చిన్నోడు ఫోనులో లక్స్ కొలిచే యాప్ వేసిచ్చాడు. డబ్బులేమీ లేవు. ఫోనును ఆకు ఎత్తులో వెల్లకిలా పెట్టి అంకె చూడాలి. ఒక ఫోనుకూ ఇంకో ఫోనుకూ అంకె తేడా వస్తుంది, కాబట్టి ఎప్పుడూ అదే ఫోనుతో కొలవండి. ఇంకో మాట. ఈ అంకె తెల్ల దీపాలకే పనికొస్తుంది. గులాబీ, ఊదా రంగులో వెలిగే దీపాలు కొన్ని వస్తున్నాయి, వాటి కింద లక్స్ అంకె తప్పుదారి పట్టిస్తుంది. లక్స్ అనేది మనిషి కంటికి కట్టిన కొలత గదా.

ఇప్పుడు నేను చేస్తున్న పద్ధతి రాస్తాను.

దీపం ఆకుకు అడుగున్నర ఎత్తులో ఉంచాను. మొలక పైకి వచ్చిన మొదటి వారం 7,000 నుంచి 10,000 లక్స్ చాలు. మా దీపానికి అది బిళ్ళ 20 దగ్గర వస్తుంది. మీ దీపానికి ఎక్కడ వస్తుందో మీరు కొలుచుకోవాలి. అసలు ఆకు రెండు జతలు వచ్చాక, మూడు రోజులకొకసారి 5 చొప్పున పెంచుతాను. 15,000 నుంచి 20,000 లక్స్ దగ్గర ఆపేస్తాను. మాకు అది 40 దగ్గర వచ్చింది. మెంతి, కొత్తిమీర, తోటకూర లాంటి ఆకుకూరలకు అంతకంటే పెంచే పని లేదు. మిరపకు పూత, కాయ రావాలంటే 30,000 పైన కావాలి, అంటే దీపం దాదాపు పూర్తిగా. అది ఖర్చు పని, నేను పెట్టుకోలేదు.

మొక్క పెరుగుతున్నకొద్దీ దీపానికి దగ్గరవుతుంది. బిళ్ళ ముట్టకపోయినా వెలుగు పెరుగుతుంది. చిన్న బల్బయితే దూరం సగమైతే వెలుగు నాలుగింతలవుతుంది. మన పలక దీపానికి, వెండి గుడ్డ టెంటులో అంత తేడా రాదు గాని, తప్పకుండా వస్తుంది. అందుకని వారానికొకసారి దీపాన్ని ఎత్తి, మళ్ళీ అడుగున్నర చేస్తాను.

నడుమకూ మూలకూ తేడా చూసి నేనే ఆశ్చర్యపోయాను. నడుమ 17,000 ఉంటే మూలకు 9,000. అందుకే రోజు విడిచి రోజు డబ్బాలు మారుస్తాను, మూలది నడుమకు, నడుమది మూలకు.

వెలుగు ఎక్కువైందా, ఎరువు తక్కువైందా అని తికమక పడొద్దు. దీపానికి దగ్గరున్న పై ఆకులే తెల్లబడితే వెలుగు ఎక్కువైందన్నమాట, బిళ్ళ తగ్గించండి. కింది ముదురాకులు ముందు పచ్చబడితే అది ఎరువు సంగతో, నీళ్ళ సంగతో. కాడ సాగి ఒరిగితే వెలుగు తక్కువ. తెల్లబడిన ఆకు మళ్ళీ పచ్చగా కాదు, కొత్తగా వచ్చే ఆకును చూసి నిర్ణయించుకోండి. వెలుగు తగ్గించినప్పుడు నీళ్ళూ తగ్గించాలి. తక్కువ వెలుగులో మొక్క తక్కువ తాగుతుంది. మొదటిసారి నా మొక్కల వేరు కుళ్ళింది నేను పోసిన నీళ్ళకే.

గంటల సంగతి. మెంతికూరకు 14 గంటలు పెడతాను. కొత్తిమీరకు 12 చాలు. పగలు ఎక్కువైనా, ఉక్క ఎక్కువైనా అది తొందరగా పూతకు పోతుంది. దీపం మూడో షిఫ్టులో వెలిగిస్తాను, సాయంత్రం ఆరింటి నుంచి పొద్దున ఎనిమిదింటి దాకా. ముంబై ఉక్కకు రాత్రి కొంచెం నయం. టెంటు జిప్పు వేస్తే నిద్రకు వెలుగు అడ్డం రాదు. పగలు మొక్కలు పడుకుంటాయి. మనం పడుకోలేదా అట్లా?

ప్లగ్గు, తీగె నేలమీద వదలొద్దు, మేకుకు ఎత్తి కట్టండి. నీళ్ళు పోసేముందు స్విచ్చి ఆపండి. కొందరు మామూలు ఎల్‌ఈడీ బల్బును ఫ్యాన్ రెగ్యులేటరుకు తగిలించి వెలుగు తగ్గిద్దామంటున్నారు. ఆ పని చేయొద్దు, బల్బు మినుకుమినుకుమని పాడైపోతుంది. బిళ్ళ లేని బల్బయితే ఎత్తు పెంచి తగ్గించుకోండి.

ఇప్పుడు బిల్లు. 100 వాట్లు 14 గంటలంటే రోజుకు 1.4 యూనిట్లు, నెలకు 42. బిళ్ళ 40 దగ్గర పెడితే నెలకు రమారమి 17. యూనిట్ 10 రూపాయలనుకుంటే పూర్తి వెలుగుకు 420, తగ్గిస్తే 170. మీ యూనిట్ ధర మీ బిల్లులో చూసి లెక్క కట్టుకోండి. నిజం చెప్పాలంటే ఆ 170కి బజారులో అంతకంటే ఎక్కువ మెంతికూర వస్తుంది. లాభం కోసమైతే ఈ పని పెట్టుకోవద్దు. కిటికీకి మూడు, నాలుగు గంటల ఎండ పడే ఇండ్లవాళ్ళు అసలే కొనొద్దు. ఆ ఎండను వాడుకోండి, అది ఉన్నన్నాళ్ళు.

మరి మేమెందుకు నడుపుతున్నామంటే, మూడో పంట మెంతికూర కోసిన రోజు మా ఇంటామె ఏమీ అనకుండా ఒక చిన్న డబ్బాలో తులసి గింజలు చల్లి టెంటు నడుమ పెట్టింది. రెండు నెలలకు జానెడయింది. అప్పుడు ఇంకో పంచాయతీ మొదలైంది. "తులసమ్మ గడప ముందర ఉండాలె గని సంచిలో ఉంటదా?" అన్నది. గడప ముందర పెడితే చీకటి, మళ్ళీ పోతుంది. రెండు మూడు రోజులు ఆలోచించి ఆమెనే దారి చూపింది. ఇప్పుడు మాకు రెండు తులసి మొక్కలు. ఒకటి టెంటులో, ఒకటి గడప దగ్గర ఆ పాత కుండీ మీద. మూడు రోజులకొకసారి అది లోపలికి, ఇది బయటికి. మూడు రోజుల నీడను తులసి ఓర్చుకుంటుంది, మళ్ళీ లోపలికి పోయి తేరుకుంటుంది. ఆరు నెలలైంది, రెండూ పచ్చగా ఉన్నాయి.

మీటరు లెక్క రానివాళ్ళు ఆదివారం పొద్దున ఇంటికి రండి, మా మీటరు దగ్గర నిలబడి చూపిస్తాను. వచ్చేటప్పుడు మీ దీపం డబ్బా కూడా పట్టుకురండి.

వచ్చే నెల వానాకాలంలో కుండీలకు పట్టే తెల్ల బూజు సంగతి రాస్తాను.