మాత్ర ఉచితమే.. అడగడమే కష్టం!

హెచ్‌ఐవీ సోకాక వాడే మందుల గురించి చాలామందికి తెలుసు. సోకకుండా ముందుగానే వేసుకునే మాత్ర ఉందన్న సంగతి తెలిసినవారు తక్కువ. దాన్ని ‘ప్రెప్‌’ అంటారు. టెనోఫోవిర్‌, ఎమ్‌ట్రిసిటబిన్‌ మందులు కలిసిన ఈ మాత్రను నివారణకు వాడొచ్చని అమెరికా 2012లో అనుమతించింది. క్రమం తప్పకుండా వేసుకుంటే లైంగికంగా హెచ్‌ఐవీ సోకే ముప్పు సుమారు 99 శాతం తగ్గుతుంది. అంత మంచి మందు ఉచితంగా దొరికే చోట కూడా కావాల్సినవారికి అందడం లేదంటే కారణమేంటి? అమెరికా సైన్యాన్ని చూస్తే అర్థమవుతుంది.

అక్కడ సైనికులకు రెండేళ్లకోసారి హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి. వైద్యం ఖర్చు ప్రభుత్వానిదే. అయినా ఏటా సుమారు 350 మంది సైనికుల్లో కొత్తగా హెచ్‌ఐవీ బయటపడుతోందని ఆ దేశ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2018లో వెల్లడించింది. 2014 ఫిబ్రవరి నుంచి 2016 జూన్‌ వరకు ప్రెప్‌ అందుకున్నవారు మాత్రం 769 మందే. అవసరమున్నవారు వేలల్లో ఉంటారు. వీరిలో ఎక్కువ మంది గే, బైసెక్సువల్‌ పురుషులు.

మొదటి అడ్డంకి భయం. 1993 నుంచి 2011 వరకు అక్కడ ‘మేం అడగం, మీరు చెప్పొద్దు’ అనే విధానం ఉండేది. తాను గే అని బయటపడితే ఉద్యోగం పోయేది. అలా 13 వేల మందికి పైగా ఇంటికి పంపారు. చట్టం రద్దయినంత మాత్రాన నోరు విప్పే అలవాటు రాదు కదా! పైగా సైనిక వైద్యుడు కూడా అధికారే. విధులకు సంబంధించిన ఆరోగ్య వివరాలను పై అధికారులకు చెప్పడానికి అక్కడి గోప్యత చట్టం మినహాయింపు ఇస్తుంది. ఈ మాట తెలిసిన సైనికుడు డాక్టరు ముందు ఎంతవరకు మనసు విప్పుతాడు?

రెండో అడ్డంకి మా వైద్యులమే. సైనిక వైద్యుల్ని సర్వే చేస్తే దాదాపు సగం మంది ప్రెప్‌ గురించి తమకు పెద్దగా తెలియదన్నారు. మూడోది బదిలీలు. ఈ మాత్ర వాడేవారు మూడు నెలలకోసారి హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవాలి, కిడ్నీల పనితీరు కూడా చూపించుకుంటుండాలి. ఈరోజు ఇక్కడ, రేపు సముద్రం మీద ఉండేవారికి అది తేలిక కాదు.

బ్రిటన్‌లో పరిస్థితి ఇంకా విచిత్రం. 2021 డిసెంబరులో నిబంధన మార్చేదాకా ప్రెప్‌ వాడేవారికి సైన్యంలో చేరే అవకాశమే లేదు. జాగ్రత్తపడినందుకు శిక్షన్నమాట!

పరిష్కారం కష్టమేమీ కాదు. బీపీ, షుగర్‌ గురించి అడిగినట్టే లైంగిక ఆరోగ్యం గురించీ ప్రతి సైనికుడినీ అడగాలి. అందరినీ అడిగితే ఎవరూ వేలెత్తి చూపించినట్టు ఉండదు. మందు వివరాలు డాక్టరు గది దాటకూడదు. ఆర్నెల్లకోసారి తీసుకునే లెనకాపవిర్‌ ఇంజెక్షన్‌కు 2025లో అమెరికాలో అనుమతి వచ్చింది. బదిలీల మీద తిరిగేవారికి ఇది బాగా పనికొస్తుంది.

మనకెందుకీ గొడవ అనుకోవద్దు. ఆ ఇంజెక్షన్‌ను చౌకగా తయారుచేసే లైసెన్సు పొందిన కంపెనీల్లో మన హైదరాబాద్‌వి కూడా ఉన్నాయి. స్వలింగ సంబంధం నేరం కాదని మన సుప్రీంకోర్టు 2018లో తీర్పిచ్చింది. కొద్ది నెలలకే, 2019 జనవరిలో, సైన్యంలో మాత్రం దాన్ని అనుమతించబోమని అప్పటి ఆర్మీ చీఫ్‌ బిపిన్‌ రావత్‌ చెప్పారు. తానెవరో చెప్పుకోలేని జవాను నివారణ మందు ఎలా అడుగుతాడు? ముప్పు మాత్రం ఆగదు. సరిహద్దులో ప్రాణం పణంగా పెట్టే మనిషికి, రోజుకో మాత్రతో తప్పించుకోగలిగిన జబ్బు రానివ్వడం న్యాయం కాదు.

ఒక్క హెచ్చరిక. ప్రెప్‌ను సొంతంగా కొని వాడొద్దు. ముందు హెచ్‌ఐవీ, హెపటైటిస్‌-బి, కిడ్నీ పరీక్షలు చేయించాలి. సిఫిలిస్‌, గనేరియాల్ని ఇది ఆపదు కాబట్టి కండోమ్‌ మానకూడదు. సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్‌ చేయొచ్చు. మీ పిల్లల్లో ఎవరైనా ఈ మాత్ర గురించి అడిగితే ‘నీకెందుకు?’ అని గద్దించకండి. ఆ ఒక్క మాటతో వాళ్లు మళ్లీ నోరెత్తరు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి చాలు.