బయానా ముందు, కాగితాలు తర్వాత!

మొదటిసారి ఇల్లు కొంటున్న మన సాఫ్టువేరు మిత్రుల్లో ఎవర్ని కదిలించినా ఒకటే మాట.. "రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదండీ, వచ్చే వారం అంటున్నారు". ఆ వచ్చే వారం మూడు నెలలైనా రాదు. తప్పు బ్యాంకుదనో, బ్రోకరుదనో, రిజిస్ట్రార్ ఆఫీసుదనో తిట్టుకుంటాం. నన్నడిగితే అసలు జబ్బు మనం డబ్బులిచ్చే వరసలోనే ఉంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. కేసముద్రం కుర్రాడు, హైదరాబాదులో ఉద్యోగం. ఉప్పల్లో పాత ఫ్లాటు ఒకటి నచ్చింది, 60 లక్షలు. బ్యాంకు 80 శాతానికి మించి ఇవ్వదు. మిగతా 12 లక్షలు, రిజిస్ట్రేషన్ ఖర్చులు 7.5 శాతం అంటే ఇంకో నాలుగున్నర లక్షలు, చేతినుంచే పెట్టుకోవాలి. అందుకని ఊళ్ళో నాన్న ఎకరం పొలం అమ్మకానికి పెట్టాడు. ఆ పొలం కొనే రైతుకి మిర్చి ఏనుమాముల మార్కెట్లో అమ్ముడుపోతేగానీ చేతిలో డబ్బాడదు. ఇటు ఫ్లాటు అమ్మే పెద్దాయన ఆ డబ్బుతోనే ఇంకో ఇల్లు కొనాలి. మూడు బేరాలు, ఒక పంట! ఏది ఆగినా అన్నీ ఆగుతాయి.

ఇప్పుడు బయానా సంగతి చూడండి. రైతు నాన్నకి రెండు లక్షలు ఇచ్చాడు. కుర్రాడు అవే తెచ్చి ఫ్లాటుకి బయానా కట్టాడు. పెద్దాయన అవే పట్టుకెళ్ళి తను కొనే ఇంటికి ఇచ్చాడు. ఒకే రెండు లక్షలు మూడు ఒప్పందాలు పుట్టించాయి. రేపు ఒకటి చెడితే వెనక్కి ఇవ్వడానికి ఎవరి దగ్గరా పైసా లేదు. "కాకా, పైసలెక్కడికి పోతయి" అన్న రైతే అప్పుడు పంచాయితీ పెట్టిస్తాడు. అతన్ని మాత్రం ఏమనగలం?

అసలు ఆలస్యం మాత్రం కాగితాల్లో ఉంటుంది. మన ఊళ్ళలో పాత కొనుగోళ్ళు చాలా తెల్లకాగితం మీదే జరిగాయి, సాదా బైనామా అంటాం. 2014 జూన్ 2కి ముందు జరిగిన అలాంటి కొనుగోళ్ళని క్రమబద్ధీకరిస్తామని 2020 అక్టోబరులో ప్రభుత్వం అంటే సుమారు 9 లక్షల దరఖాస్తులొచ్చాయి. నవంబరులో హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ స్టే తొలగింది 2025 ఆగస్టులో! నాన్న ఎకరం ఆ కుప్పలో ఉంటే, ఉప్పల్ ఫ్లాటు కేసముద్రం కాగితం కోసం ఆగినట్టే. సాదా బైనామా కాకపోయినా, తాత పేరు మీదున్న భూమికి ఫౌతి చేయించుకోకపోతే ఇదే కథ.

ఇక మన ఎవరి చేతుల్లోనూ లేనివి ఉంటాయి. 2020 సెప్టెంబరు 8న రాష్ట్రమంతా రిజిస్ట్రేషన్లు ఆపేశారు. పొలాలకి నవంబరులో, ఇళ్ళకీ ప్లాట్లకీ డిసెంబరులోగానీ మళ్ళీ మొదలవలేదు. 2021 జూలై 22న మొత్తం ఛార్జీలు 6 నుంచి 7.5 శాతానికి పెరిగాయి, మార్కెట్ విలువలూ పెంచారు. జూన్‌లో ఒప్పందం రాసుకుని ఆగస్టుకి జారిన వాళ్ళకి 60 లక్షల మీద 90 వేలు అదనం. ఒప్పందంలో ఏ తేదీ రాసుకున్నా, కట్టాల్సింది రిజిస్ట్రేషన్ రోజున ఉన్న రేటే.

ఇంగ్లండులో ఉన్న మన వాళ్ళనడగండి. ఇలాంటి వరసకి అక్కడ 'చైన్' అనే పేరే ఉంది. ఆలస్యాలు అక్కడా తక్కువేం కాదు. కానీ కాగితాలన్నీ లాయర్లు చూశాకే కాంట్రాక్టులు మార్చుకుంటారు. మామూలుగా పది శాతం డిపాజిట్ కట్టేది అప్పుడే. అంతవరకూ ఎవరైనా తప్పుకోవచ్చు. ఆ తర్వాత అందరూ కట్టుబడినట్టే. మన దగ్గర తిరగేసి ఉంది.. ముందు బయానా, తర్వాత ఈసీ, లింకు డాక్యుమెంట్లు. టెస్టింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టేసి, తర్వాత బగ్గులు వెతుక్కున్నట్టు :)

చట్టం కూడా మనకి పెద్ద ధైర్యమేం ఇవ్వదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను ప్రకారం అమ్మకపు ఒప్పందం దానంతటది ఆస్తి మీద ఏ హక్కూ ఇవ్వదు. జీపీఏ రాయించుకున్నా అది అమ్మకం కిందికి రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కోర్టుకెళ్ళి రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు గానీ, ఒప్పందంలోని గడువు తేదీ నుంచి మూడేళ్ళలోపే దావా వెయ్యాలి. ఈలోపు బ్యాంకు ఇచ్చిన శాంక్షన్ లెటర్ గడువు ముగిసిపోతుంది.

అందుకని నేను చెప్పేది ఒక్కటే, వరస మార్చండి. ముందు ఈసీ, లింకు డాక్యుమెంట్లు, పొలమైతే పాసుపుస్తకం ఎవరి పేరు మీదుందో చూసుకోండి. అంతవరకూ పోయినా బాధపడనంత టోకెనే ఇవ్వండి. ఒప్పందంలో "90 రోజులు" అని ఊరికే రాయకండి. ఆ 90 రోజులు ఏ కాగితం చేతికొచ్చాక మొదలవుతాయో, అది రాకపోతే డబ్బు ఎన్నాళ్ళలో వెనక్కివ్వాలో రాయండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక బేరంలో వచ్చిన బయానాని ఇంకో బేరంలో పెట్టకండి.

"ఇన్ని షరతులు పెడితే ఇంకొకడు ఎగరేసుకుపోతాడు సార్" అంటాడు బ్రోకరు. పోతే పోనీండి. రెండు వారాలు కాగితాలు చూసుకోనివ్వని బేరం రెండేళ్ళు తిప్పకుండా ఉంటుందా?

ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి. ఈ గొలుసులో మనకి నెలనెలా జీతమొస్తుంది, ఆలస్యమైతే ఇంకో ఆర్నెల్లు అద్దె కట్టుకుంటాం. చివర్లో ఉన్న రైతుకి అలా కాదు. ఏడాది మిర్చి డబ్బు మన ఫ్లాటు బయానాలో ఇరుక్కుంటే వచ్చే పంటకి పెట్టుబడి ఎక్కడిది? మన తొందరకి వడ్డీ కట్టేది అతనే.