టీమ్ లీడ్ ఎవరు? రికార్డు బైండింగ్ ఎవరికి?

బీటెక్‌లో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెప్పేటప్పుడు ఖర్చు అంచనా, రిస్క్, గాంట్ చార్ట్ అన్నీ బోర్డు మీదికొస్తాయి. టీమ్ వేసుకునే దగ్గర మాత్రం 'మీలో మీరు చూసుకోండి' అనేస్తారు. కులం పని మొదలుపెట్టేది అక్కడే. ర్యాంకు అడుగుతారు, ఇంటిపేరు ఆరా తీస్తారు. ఎవరూ పిలవనివాళ్లను చివర్లో ఏదో ఒక టీమ్‌లో కలుపుతారు. కోడ్ వేరేవాళ్లది, మన పిల్లలకు తరచుగా దక్కేది డాక్యుమెంటేషన్, పీపీటీ, రికార్డు బైండింగ్. క్యాంపస్ ఇంటర్వ్యూలో 'ప్రాజెక్టులో నువ్వేం చేశావ్?' అని అడిగితే ఏం చెప్పాలి? ఆ తడబాటుకే తర్వాత 'మెరిట్ లేదు' అని పేరు.

ఇది కాలేజీతో పోదు. టీమ్‌లో ఒక దళిత ఇంజనీరుకు తక్కువ జీతం, తక్కువ అవకాశాలు ఇచ్చారన్న ఆరోపణతోనే 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం సిస్కోపై దావా వేసింది. 2023లో ఇద్దరు మేనేజర్లపై కేసు ఉపసంహరించుకుని, కంపెనీపై మాత్రం కొనసాగించింది.

మేం అడిగేది కొత్త సిలబస్ కాదు. టీమ్‌లను అధ్యాపకులే లాటరీ తీసి వేయాలి. లీడ్ బాధ్యత వంతులవారీగా అందరికీ రావాలి. టీమ్ మొత్తానికి ఒకే మార్కు ఆపి, ఎవరు ఏ మాడ్యూల్ రాశారో వైవాలో విడివిడిగా అడగాలి. గిట్ కమిట్లు లెక్కపెడితే చాలదు. లాప్‌టాప్ ఎవరిదైతే కమిట్లూ వాళ్లవే.