పూలు చల్లిన చోట అడగని ప్రశ్న

2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున, ఓ యువతిపై అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసు నిందితులు నలుగురూ చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పొద్దెక్కేసరికి జనం తరలివచ్చి పోలీసుల మీద పూలు చల్లారు, జేజేలు పలికారు. ఆ నేరం మీద జనం కోపం నిజమైనది, న్యాయమైనది కూడా. కానీ చావును పండగ చేసుకున్నాక, అది ఎలా జరిగిందని అడగడానికి మనకు నోరు రాదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ ఏం తేల్చిందో చూడండి: పోలీసుల కథనం నమ్మదగినది కాదు, చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారు, పది మంది పోలీసులను విచారించాలి, మృతుల్లో ముగ్గురు మైనర్లు. 2022లో ఈ నివేదిక బయటికొచ్చినప్పుడు ఆనాటి జనసందోహంలో పదోవంతు కదలికైనా కనబడలేదు. అభిమాన నేతల మరణాల్లోనూ ఉద్వేగం ఇలాగే ప్రశ్నను నొక్కేస్తుంది. 2009 సెప్టెంబర్‌లో వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ ప్రమాదంలో మరణించాక, ఆ దుఃఖం తట్టుకోలేక ప్రాణాలు విడిచినవారి వార్తలు రోజూ వచ్చాయి. ఆ వేడిలో ఆయన పాలన మీద మామూలు విమర్శ కూడా అపచారంలా తోచింది.

చటాన్‌పల్లి కాల్పులను సమర్థించేవారు, నిర్భయ అత్యాచార కేసు దోషులను ఉరితీయడానికి ఏడేళ్లు పట్టింది, జనం ఇంకెంత ఓపిక పట్టాలని అడుగుతారు. తోసిపుచ్చలేని ప్రశ్నే. అయితే రావణుడికి అంత్యక్రియలు చేయమని విభీషణుణ్ణి పురమాయించిన రాముడి కథ విని పెరిగినవాళ్లం మనం. పగకు హద్దుండాలని మనకు కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా ఆ కాల్పులతో దిశ కేసు విచారణే ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఏం జరిగిందో సాక్ష్యాలన్నీ తూచి చెప్పే తీర్పు ఇక రాదు. ఆ రోజు రోడ్డెక్కిన ఆగ్రహం, తీర్పులు త్వరగా రావడానికి కావలసిన ఫోరెన్సిక్ ల్యాబుల కోసం, ఖాళీగా ఉన్న జడ్జి పోస్టుల భర్తీ కోసం ఇప్పటికైనా రోడ్డెక్కాలి.