రంగు సంగతి ముందే చెప్పాలి

పర్పుల్‌హార్ట్ అని ఓ చెక్క ఉంది. దక్షిణ, మధ్య అమెరికా అడవుల్లో పెరిగే చెట్టు. రంపం నుంచి అప్పుడే బయటికొచ్చిన ముక్కను చూస్తే ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థం కాదు. బూడిద కలిసిన మట్టి రంగులో ఉంటుంది. గాలి, వెలుతురు తగిలేకొద్దీ కొద్ది రోజుల్లోనే నిగనిగలాడే వంకాయ రంగుకు తిరుగుతుంది. గిటార్ కొనేవాళ్లు మనసు పారేసుకునేది ఆ దశలోనే. కానీ రంగు అక్కడ ఆగదు. ఎండ పడే చోట ఉంచితే మెల్లగా ముదురు గోధుమ రంగులోకి జారిపోతుంది. ఆఫ్రికా పడాక్‌ కూడా అంతే. కోసినప్పుడు నిప్పుకణికలా నారింజ ఎరుపు, కొన్నాళ్లకు ఇటుక రంగు, ఆ తర్వాత కాఫీ గింజ రంగు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఊదా రంగు చూసి ముచ్చటపడి డబ్బిచ్చిన మనిషి, రెండేళ్ల తర్వాత గోధుమ రంగు గిటార్ పట్టుకుని తిరిగొస్తే తప్పెవరిది? చెక్కది కాదు, దాని గుణమే అది. కొన్నవాడిదీ కాదు, అతనికి తెలియదు. తెలిసీ చెప్పనివాడిది, లేదా తెలుసుకోకుండానే పనికి దిగినవాడిది. చేతిపనిని ఉపాధిగా ఎంచుకోవాలనుకునే మన యువత ముందుగా నేర్చుకోవాల్సిన పాఠం ఇక్కడే ఉంది.

రంగు ఎందుకు మారుతుంది? చెట్టు తన చేవలో దాచుకున్న రసాయనాలే ఆ రంగులకు మూలం. గాలిలోని ఆక్సిజన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటిని మార్చేస్తాయి. చెక్కలోని లిగ్నిన్ కూడా ఆ కిరణాలకు దెబ్బతింటుంది. అయితే ఇదంతా పైపొరలో జరిగే వ్యవహారం. పలుచగా చిత్రిక పడితే లోపలి చెక్క మళ్లీ కనిపిస్తుంది, మళ్లీ మారడం మొదలవుతుంది. కిరణాలను అడ్డుకునే వార్నిష్‌లు ఉన్నాయి. అవి మార్పును ఆలస్యం చేస్తాయి, ఆపలేవు. పైగా కొన్ని నూనె వార్నిష్‌లకు సొంతంగా పసుపు ఛాయ ఉంటుంది. ఊదా మీద పసుపు పడితే మనమే దాన్ని గోధుమ రంగు వైపు నెట్టినట్టు. ‘రంగు ఎప్పటికీ పోదు’ అనే డబ్బాను నమ్మి మాట ఇవ్వకండి.

పడాక్‌తో మరో తంటా ఉంది. దాని రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. పక్కన తెల్లటి మేపుల్ చెక్క అతికించి, స్పిరిట్‌లో కలిపిన లక్క పాలిష్‌ను గుడ్డతో రుద్దారంటే ఆ తెలుపు కాస్తా నారింజ అవుతుంది. శాండ్ పేపర్ పట్టినప్పుడు రేగే ఎర్ర పొడి కూడా తెల్ల చెక్క రంధ్రాల్లో దూరిపోతుంది. అనుభవం ఉన్నవాళ్లు అక్కడ శాండ్ పేపర్ తగ్గించి స్క్రేపర్‌తో గీకుతారు, పొడిని ఎప్పటికప్పుడు పీల్చేస్తారు, తెల్ల భాగానికి ముందే పలుచని పూత వేసి కాపాడతారు. ఇవన్నీ వీడియో చూస్తే తెలిసేవే, నిజమే. చెయ్యి మాత్రం తప్పులు చేసే నేర్చుకుంటుంది. అన్నట్టు, మాస్క్ లేకుండా ఈ పనికి కూర్చోవద్దు. కలప పొడిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది.

రంగు మారడం ఎప్పుడూ నష్టమేనా? గిబ్సన్ కంపెనీ 1958లో లెస్ పాల్ గిటార్లకు ఎర్రని అంచులతో సన్‌బర్స్ట్ రంగు వేసింది. ఆ ఎరుపు వెలుతురుకు నిలవలేదు. చాలా గిటార్లు తేనె రంగుకు, నిమ్మపండు రంగుకు వెలిసిపోయాయి. 1960లో కంపెనీ గట్టి ఎరుపుకు మారింది. చిత్రమేమిటంటే, ఆ వెలిసిన గిటార్ల కోసమే ఇవాళ సేకర్తలు ఎగబడుతున్నారు. కొత్త గిటార్లకు ఆ వెలిసిన రంగును కావాలని వేస్తున్నారు. అకూస్టిక్ గిటార్ ముందు పలకకు వాడే తెల్లటి స్ప్రూస్ తేనె రంగుకు తిరిగితే ‘అబ్బ, పాతబడి ఎంత బాగుందో’ అంటారు. ఆ మార్పు వస్తుందని ముందే తెలుసు కాబట్టి దాన్ని అందమన్నారు. చెప్పకుండా వస్తే అదే మోసంలా కనిపిస్తుంది.

ఇదేదో పరాయి విద్య అనుకోకండి. మన బొబ్బిలి వీణ పనస చెక్కతోనే తయారవుతుంది. కోసినప్పుడు పసుపుపచ్చగా ఉండే పనస ఏళ్లు గడిచేకొద్దీ ముదిరి ఎర్రటి గోధుమ రంగుకు వస్తుంది. శేషాచలం ఎర్రచందనం ఆఫ్రికా పడాక్‌కు దగ్గరి చుట్టమే, రెండూ టెరోకార్పస్ జాతివే. జపాన్‌లో షామిసెన్ వాద్యాల మెడలకు మన ఎర్రచందనాన్ని వాడతారు. అయితే దాని మీద అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉంది. ఆఫ్రికా టెరోకార్పస్ జాతులనూ 2022లో అదే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో చేర్చారు. కాగితాలు లేని కలప ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోవద్దు. ఒక్క దుంగ జీవితాన్ని కోర్టుల చుట్టూ తిప్పుతుంది.

రంగు మోజు అడవికీ ఖరీదైనదే. కామెరూన్‌లో టేలర్ గిటార్స్ సంస్థ 2011లో ఎబొనీ కలప మిల్లు కొన్నప్పుడు ఓ నిజం బయటపడింది. చారలున్న ఎబొనీని మార్కెట్ అడగదని, నికార్సయిన నలుపు దొరికేదాకా చెట్లు నరికి, చారలున్నవాటిని అడవిలోనే వదిలేస్తున్నారు. ఆ సంస్థ చారల చెక్కనూ గిటార్లకు వాడి, అదీ అందమేనని కొనేవాళ్లకు నచ్చజెప్పింది. కొనేవాడికి నిజం చెప్పడం వల్ల చెట్టు కూడా బతుకుతుందన్నమాట.

ఈ రంగంలోకి రావాలంటే దారులు లేకపోలేదు. ఐటీఐలో వడ్రంగి పని నేర్పే ట్రేడ్ ఉంది. సైన్స్ డిగ్రీ చేసినవాళ్లకు డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఎమ్మెస్సీ ఉంది. బెంగళూరులో కలప మీదే పరిశోధన చేసే కేంద్ర సంస్థ ఉంది. గిటార్లు చేసేవాళ్ల దగ్గరే కాదు, ఫర్నిచర్, ఇంటీరియర్, పూతల కంపెనీల్లోనూ ఈ తెలివికి విలువుంటుంది. ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని మేం చెప్పం. పని తెలిసినవాళ్లు తక్కువన్నది మాత్రం వాస్తవం.

శిక్షణ కేంద్రాలకు మాదో సూచన. చెక్క కోయడం, అతకడం నేర్పుతున్నారు. అది ఏడాది తర్వాత ఎలా ఉంటుందో కూడా చూపించండి. ఖర్చు పెద్దగా ఉండదు. నాలుగైదు రకాల చెక్క ముక్కలు తీసుకుని, ఒక్కోదానికి ఒక్కో పూత వేసి, సగం భాగం నల్ల కాగితంతో కప్పి, తేదీ రాసి ఎండ పడే కిటికీలో పెట్టడమే. నెలనెలా ఫొటో తీయాలి. ఈ పని కేంద్రం చేయకపోతే మీరే ఇంట్లో చేయొచ్చు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన ఆ ముక్కలు పెట్టి చూడండి. మీ గురించి వేరే చెప్పుకోనక్కర్లేదు.

రేపు మీ దగ్గరికి ఊదా గిటార్ అడుగుతూ ఎవరైనా వస్తే కొత్త ముక్కతో పాటు వెలిసిన ముక్కనూ చేతిలో పెట్టండి. ‘ఇవాళ ఇలా ఉంటుంది, తర్వాత ఇలా అవుతుంది. ఇష్టమైతేనే చేస్తాను’ అనండి. ఒకరిద్దరు వెనక్కి వెళ్లిపోతారేమో, పోనివ్వండి. ఉన్నవాళ్లు పదిమందికి చెబుతారు. చెక్కలోనైనా మనిషిలోనైనా చివరికి నిలిచేది చేవే.