కొబ్బరికాయ లేస్తే జల ఉన్నట్టేనా?

ఉదయగిరి, ఆత్మకూరు మెట్టప్రాంతంలో బోరు వేయించే ముందు పాయింట్ చూపించుకోవడం చాలామందికి ఆనవాయితీ. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా నడుస్తాడు. ఇంకొకాయన పంగల వేపపుల్ల పట్టుకుంటాడు. కాయ లేచిన చోట, పుల్ల వంగిన చోట గుర్తు పెడతారు. నీళ్లు పడితే ఆయన చెయ్యి మంచిదంటారు, పడకపోతే రైతు రాత బాగాలేదంటారు. ఎటు తిరిగినా ఓడిపోని ఈ నమ్మకాన్ని పరీక్షించాలంటే సంభావ్యత తెలియాలి. దానికి పదో తరగతి పుస్తకం దాకా ఆగనక్కర్లేదు. పదమూడేళ్ల పిల్లలకు ఇంట్లోనే నేర్పవచ్చు.

పది చీటీలు చేసి ఆరింటి మీద ‘నీళ్లు’, నాలుగింటి మీద ‘బండ’ అని రాయించండి. అంటే పదికి ఆరు బోర్లు పడే నేల అనుకుందాం. డబ్బాలో వేసి కలిపి, ఒకటి తీసి చూసి, మళ్లీ అందులోనే వేయాలి. ఒక్కొక్కరూ మూడేసి సార్లు తీయాలి. మూడుసార్లూ ‘నీళ్లు’ వచ్చే అవకాశం 6/10ని మూడుసార్లు గుణిస్తే వస్తుంది: 1000కి 216. అంటే సుమారు ఐదుగురిలో ఒకరికి ఏ మహిమా లేకుండానే వరసగా మూడు పడతాయి. ఊళ్లో ఆ ఒక్కరి పేరే మోగుతుంది, మిగతా నలుగురినీ ఎవరూ తలుచుకోరు.

ఇంతకంటే ప్రమాదకరమైన నమ్మకం ఇంకొకటుంది: ‘మూడు పోయాయి, నాలుగోది పడి తీరుతుంది’ అన్నది. డబ్బాకు జ్ఞాపకం ఉండదు, నాలుగోసారీ అవకాశం పదికి ఆరే. చేను సంగతి ఇంకా కఠినం. గట్టిరాతి నేలలో నీరు పైనున్న మెత్తబడిన పొరలో, లోపలి పగుళ్లలో నిలుస్తుంది. ఒకే చేలో మూడు బోర్లు ఎండితే అక్కడ పగుళ్లు తక్కువేమోనని అనుమానించాలి. ఆశ తగ్గాల్సిన చోటే రైతు మళ్లీ అప్పు చేస్తున్నాడు.

1990లో జర్మనీలోని కాసెల్‌లో సుమారు 30 మంది జలాన్వేషకులను పరీక్షించారు. భూమిలో పాతిన గొట్టంలో నీరు పారుతోందో లేదో చెప్పాలి. షరతులకు వాళ్లు ముందే ఒప్పుకున్నారు. ఫలితం గుడ్డిగా ఊహించినవాళ్లకు వచ్చేదానికంటే మెరుగ్గా రాలేదు.

పిల్లల చేత చుట్టుపక్కల చేల బోర్ల వివరాలు రాయించండి. పాయింట్ చూపించి వేసినవెన్ని, అందులో పడ్డవెన్ని? చూపించకుండా వేసినవెన్ని, పడ్డవెన్ని? ఎండినవాటినీ వదలకుండా రాయాలి. ఈ రెండు వరసల్నీ పోల్చాకే ఎవరి చెయ్యి మంచిదో మాట్లాడాలి. బోరు కోసం చేసిన అప్పు రేపు ఈ పిల్లల మీదికే వస్తుంది. కాబట్టి రిగ్గు బండి చేలోకి రాకముందే లెక్క అడిగే హక్కు వాళ్లకుంది. ఆ లెక్క నేర్పాల్సిన బాధ్యత మనది.