గుత్తకిచ్చిన పురపాలనము

క్రొత్తగా వేఱు కాపురము పెట్టిన గృహిణి కెన్ని చిక్కులు వచ్చునో మా పాఠకురాండ్రకు మేము చెప్పనక్కఱ లేదు. పాలు పోయువా రెవరు, నీళ్ళెక్కడనుండి తేవలెను, చాకలి యే దినమున వచ్చును, తాళపుచెవులు ఎవరివద్ద నుండవలెను? ఉమ్మడి కాపురమున నున్నంతకాలము ఇవి యెట్లు జరుగుచున్నవో తలపోయువారు తక్కువ. వేఱుపడిన మఱునాటి యుదయమున నవి యన్నియు నొక్కసారిగా గుమ్మము తట్టును. ఒక్క కుటుంబము కాదు, ఒక యూరికి ఊరే యిట్లు ఒక్క రాత్రిలో వేఱు కాపురము పెట్టిన వృత్తాంత మొకటి యున్నది. దానిని ఈ మాసము మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

అది అమెరికా సంయుక్త రాష్ట్రములలోని జార్జియా రాష్ట్రమున, అట్లాంటా నగరమునకు ఉత్తరమున, చాటహూచీ నది యొడ్డున నున్న శాండీ స్ప్రింగ్స్ అను నూరు. 2000 సంవత్సరపు జనాభా లెక్కలలో అచ్చటి జనము 85 వేలకు పైబడి యుండిరి. ఇంత జనమున్నను ఆ యూరికి పురపాలక సభ లేదు, మేయరు లేడు, తనదని చెప్పుకొనుటకు ఒక్క రక్షకభటుడు లేడు. ఫుల్టన్ కౌంటీ యనబడు జిల్లా పాలకులే రోడ్లు వేయించుట, ఇండ్ల కనుమతు లిచ్చుట, దొంగలను పట్టుట మున్నగు పనులు నడుపుచుండిరి. ఆ కౌంటీ సుమారు 70 మైళ్ళ పొడవున సన్నగా సాగి యుండును. నడుమ అట్లాంటా నగరము; ఉత్తరమున కలవారి పేటలు; దక్షిణమున అంత కలిమి లేని నల్లజాతివారి పేటలు. తాము కట్టు పన్ను తమ వీధులకు రాక యెక్కడికో పోవుచున్నదనియు, తమ యూర నే మేడ లేవవలెనో నిర్ణయించువారు తమ వోట్లతో నెగ్గినవారు కారనియు ఉత్తరపు వారి మొఱ.

మొఱ న్యాయమైనదే కావచ్చును. కాని దానికి వేఱొక వేరు కూడ నున్నది. 1966లో అట్లాంటా నగరము ఈ యూరిని తనలో కలుపుకొన జూడగా జనులు వోటు వేసి త్రోసిపుచ్చిరి. ఆ నిరాకరణమున వర్ణద్వేషపు పాలు స్వల్పము కాదు. దీనిని కప్పిపెట్టి తక్కినది చెప్పుటకు మా మనస్సొప్పలేదు.

ఈ వేఱుపాటుకై ముప్పది యేండ్లు తిరిగిన వ్యక్తి యొక స్త్రీ. ఆమె పేరు ఈవా గాలంబోస్. 1928లో జర్మనీ రాజధానియగు బెర్లిను నగరమున యూదు కుటుంబమున జన్మించి, హిట్లరు దౌర్జన్యమునకు తలిదండ్రులతో దేశము విడిచి, పిన్నవయస్సుననే జార్జియా చేరిన బిడ్డ. వైద్యుని యిల్లాలు, ముగ్గురు బిడ్డల తల్లి, అర్థశాస్త్రమున డాక్టరు పట్టమందిన విదుషి. 1975లో పట్టణ స్థాపనకై యొక సంఘ మేర్పడినది. అదిమొదలు శాసనసభకు పోవుట, అచ్చట బిల్లు వీగిపోవుట, మరల పోవుట యామెకొక వ్రతమైనది. నోముపట్టి మూడేండ్లకే ఉద్యాపన యెన్నడా యని లెక్కించు మనబోటివారు ముప్పదేండ్ల యీ నోమును తలచుకొనిన చాలును. తుదకు రాష్ట్ర శాసనసభలో నధికారపక్షము మాఱిన పిమ్మట, 2005లో చట్టము వచ్చినది. ఆ జూన్ 21వ తేదీన వోటు జరుగగా నూటికి 94 వోట్లు పట్టణమునకు అనుకూలముగ పడినవి. నవంబరు ఎన్నికలో, డెబ్బదియైదు దాటిన వయస్సున, గాలంబోస్ ప్రథమ మేయరయ్యెను. ఆమెతో కూడ సభ్యు లార్గురు ఎన్నికైరి.

ఇక అసలు చిక్కు. వోటు జూన్ నెలలో. పట్టణ జననము డిసెంబరు 1వ తేదీన. నడిమి కాలమున పట్టణమనునది లేదు గనుక దాని పేర నొక కాసు వెచ్చించుటకు గాని, కాగితముపై సంతకము చేయుటకు గాని యెవరికిని హక్కు లేదు. పుట్టని బిడ్డ పేర పత్రము వ్రాయుట యెట్లు? ఐనను డిసెంబరు 1 ఉదయమున మా వీధిలో గుంత పడినదని టెలిఫోను చేయు నిల్లాలికి బదులు చెప్పువా రొకరుండి తీరవలెను. ఇంటిప్లాను పట్టుకొని వచ్చువానికి ముద్ర వేయువా రుండవలెను. లెక్కలు వ్రాయువారు, న్యాయస్థానపు గుమాస్తాలు, తోటలు చూచువారు, రోడ్లు బాగుచేయువారు అందఱును కావలెను. టెలిఫోను కంపెనీ యుద్యోగమునుండి విరమించిన ఆలివర్ పోర్టరు అను పెద్దమనిషి యీ యేర్పాటు భారమును ధర్మార్థముగ నెత్తుకొనెను. కౌంటీ చేయుచున్న పనులన్నిటికి వేఱువేఱుగ ఉద్యోగులను వెదకి, జీతములు, సెలవులు, ఉపకార వేతనములు నిర్ణయించి నియమించుటకు వ్యవధి లేదని యాతడు గ్రహించెను. కావున సంసారమంతయు నొక్క వ్యాపార సంస్థకు గుత్తకిచ్చుటకు నిర్ణయమైనది. సీహెచ్‌టూఎం హిల్ అను నింజనీర్ల సంస్థ ఏటికి రెండున్నర కోట్ల డాలర్ల యెత్తున ఈ గుత్త పుచ్చుకొనెను. ఒప్పందము పట్టణము పుట్టిన పిమ్మటనే కాగల దైనను, మనుష్యులను, బల్లలను, కంప్యూటర్లను ముందుగనే తన పూచీపై సిద్ధపఱచుకొనెను. నగరసభకు సొంత భవనము కూడ లేదు. అద్దె కచ్చేరీలో పని ప్రారంభమైనది.

మాకు మిక్కిలి నచ్చిన యేర్పాటొకటి యున్నది. రాత్రింబవళ్ళు ఏ వేళ టెలిఫోను చేసినను యంత్రము కాక మనిషియే పలుకునట్లు ఒక కేంద్రము పెట్టిరి. పగలంతయు వంటయిల్లు, బిడ్డలు, ముసలివారితో సరిపోవు స్త్రీకి కచ్చేరీ వేళలు కలిసిరావు. రాత్రి పదిగంటలకు ఫిర్యాదు చెప్పుకొన గలుగుట యెంత మేలో దానిని అనుభవించినవారికే తెలియును.

అన్నియు గుత్తకిచ్చినారని లోకమనుకొనెను గాని, అది సరికాదు. రక్షకభటులను, అగ్నిమాపక దళమును మాత్రము నగరసభ తన చేతిలోనే యుంచుకొనెను. ఆ రెండు శాఖలును 2006లో నెలకొన్నవి. అందాక కౌంటీవారే యా పనులు నడపిరి. తుపాకి పట్టువాడు, ప్రాణమును కాపాడువాడు లాభము నాశించు సంస్థకు గాక పౌరులకే జవాబు చెప్పవలెనను నాలోచన యది. మంచినీరు నేటికిని అట్లాంటా నగరమునుండియే వచ్చును. బడులు కౌంటీవారివి. ఇండ్లలోని చెత్త సంగతి విన్న మనవారికి వింతగా నుండును: ఏ యింటివారికి ఆ యింటివారే ఒక ప్రైవేటు బండివానిని కుదుర్చుకొని నెలసరి రుసుము చెల్లింపవలెను. వేఱు కాపురమనిన మాత్రమున నన్నియు వేఱుపడవు. నూయి ఉమ్మడిగనే యుండును.

పన్ను సంగతి కొంచెము లెక్క కట్టి చూపుదుము. ఆస్తి విలువలో నూటికి 40 వంతులపైననే జార్జియాలో పన్ను విధింతురు. ఆ మొత్తమున వేయి డాలర్లకు 4.731 డాలర్లకు మించి నగరసభ విధింపరాదని పట్టణపు శాసనముననే వ్రాసిరి. మించవలెనన్న జనుల వోటు కావలెను. ఐదులక్షల డాలర్ల యిల్లున్నవారికి రెండులక్షలపై లెక్కింపగా, తగ్గింపు లేమియు లేకున్న, ఏటికి సుమారు 946 డాలర్లు నగరసభకు చెల్లును. కౌంటీ బడులు మొదలగు వాని పన్నులు వేఱు. పరిమితిని ముందుగనే గీచుకొని, దానిలో సంసారము నడుపుట యిల్లాండ్రకు తెలియని విద్య కాదు.

ఈ యూరిని జూచి చుట్టుప్రక్కల పేట లన్నిటికి ఉత్సాహము కలిగినది. 2006లో జాన్స్ క్రీక్, మిల్టన్, 2008లో డన్‌వుడి, 2012లో బ్రూక్‌హేవెన్ పట్టణము లేర్పడినవి. జాన్స్ క్రీక్‌లో మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురముండుట పాఠకురాండ్రలో కొందఱికి తెలిసియే యుండును. అచ్చటి వీధుల పాలనమును మొదట గుత్తకే సాగినది.

ఐతే కలిగినవారు ఒక్కొక్కరే వేఱుపడగా ఉమ్మడి యింటిలో మిగిలినవారి గతి యేమి? ఉత్తరపు పన్నులు తగ్గగా కౌంటీకి రాబడి తగ్గినది. ఆ భారము దక్షిణమున బీదలపై బడినది. అన్నదమ్ముల పంపకమున పెద్ద గదులు పుచ్చుకొనినవాడు ముసలితల్లి పోషణమును చిన్నవానికి వదలినట్లున్నదని మాకు తోచినది. మా స్వాతంత్ర్యము మేము సంపాదించుకొంటిమని శాండీ స్ప్రింగ్స్ వారనుటలో సత్యమున్నది. దాని వెల నంతయు తామే చెల్లించితిమను మాటను మాత్రము మే మొప్పుకొనజాలము. తుదకు దక్షిణపువారును 2017లో సౌత్ ఫుల్టన్ అను తమ పట్టణము తాము స్థాపించుకొనిరి. లక్షమందికి పైబడిన యా పట్టణమున 2018 నాటికి ప్రధాన న్యాయమూర్తి, రక్షకభట శాఖాధిపతి, ప్రభుత్వపక్షపు న్యాయవాది, బీదల పక్షపు న్యాయవాది, అందఱును నల్లజాతి స్త్రీలే యైరి. ఈ వార్త చదివిన దినమున మా కెంత సంతోషమైనదో చెప్పజాలము.

గుత్త సంగతి యేమైనదందురా? 2011లో నగరసభ ఆ యొక్క గుత్తను ముక్కలు చేసి పలు సంస్థలకు పోటీపై నిచ్చి ఏటికి సుమారు 70 లక్షల డాలర్లు మిగుల్చుకొనెను. ఒక్క అంగడిలోనే సరుకంతయు తెచ్చుకొనుటకంటె బేరమాడి నాలుగు చోట్ల కొనుట మేలని తెలిసికొనిరి. కాని మరి కొన్నేండ్లకు సంస్థలు కోరు ధరలు పెరిగినవి. లెక్కలు మరల వేయగా, వంటవానికి గుత్తకిచ్చుటకంటె ఇంట వండుకొనుటయే చౌక యని తేలెను. 2019లో నగరసభ, కొన్ని పనులు తప్ప, తక్కిన వానినెల్ల సొంత యుద్యోగులచేత చేయించుటకు నిర్ణయించినది. ఐదేండ్లలో 1 కోటి 40 లక్షల డాలర్లు మిగులునని యంచనా కట్టిరి. గుత్తయే సర్వరోగ నివారిణి యని పదునాలు గేండ్లు ఈ యూరిని పలువురు ఉదాహరించిరి. మన పట్టణములలో వీధు లూడ్చువారిని మధ్యదళారుల క్రింద నుంచి, ఇదియే నవీన పద్ధతి యనువారును ఈ రెండవ భాగమును చదువుట మంచిది. మొదటి దినమున గుత్త తప్పు కాదు. వ్యవధి లేనివేళ పొరుగింట వండించుకొని తెచ్చుకొనుటలో తప్పేమున్నది? పొయ్యి కుదిరిన పిమ్మట కూడ లెక్క చూడకుండుటే తప్పగును. వీరు చూచిరి.

ఆ నగరసభకు 2018లో సొంత భవనము సిద్ధమైనది. దానిముందరి వీధికి గాలంబోస్ పేరు పెట్టిరి. భవనము ఆ వీధిలో 1వ నంబరు. ఆమె 2014 ఆరంభమున పదవి వదలి, 2015 ఏప్రిలులో మరణించెను. ఆ భవనమును గాని, గుత్త పోయి సొంత యుద్యోగులు వచ్చుటను గాని ఆమె చూడలేదు.